కంపెనీ ఫోన్ల నిర్వహణ – 4వ పాఠం: ఛార్జింగ్ నిలవదు, నెట్ మిగలదు

ఫీల్డులో తిరిగేవాళ్ల ఫోన్ల గురించి ఐటీ డెస్కుకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదులు రెండు. మధ్యాహ్నానికే ఛార్జింగ్ దిగిపోతోందని ఒకటి, సాయంత్రం కాకముందే ఆ రోజు డేటా అయిపోతోందని ఇంకొకటి. చాలాచోట్ల మొదటిదానికి బ్యాటరీ మార్చేసి, రెండోదానికి పెద్ద ప్లాన్ వేయించి చేతులు దులుపుకుంటారు. ఫోను కొని రెండేళ్లు నిండకపోతే ఆ రెండు ఖర్చులూ చాలావరకు దండగే. ఎక్కడో కన్సోల్‌లో (ఫోన్లన్నిటినీ ఒకేచోటి నుంచి నడిపే అడ్మిన్ పేజీలో) మనం పెట్టిన పాలసీయే, అంటే ఫోన్లకు పంపిన నియమమే, ఫోన్‌ను నిద్రపోనివ్వకుండా చేస్తుంటుంది. అది ఏ పాలసీయో పట్టుకోవడమే ఈ పాఠం.

కిందటి పాఠంలో ఇన్‌ట్యూన్‌లో (కంపెనీ ఫోన్లను నిర్వహించే మైక్రోసాఫ్ట్ సేవ) చేర్చిన ఫుల్లీ మేనేజ్‌డ్, అంటే పూర్తిగా కంపెనీ అదుపులో ఉండే ఆండ్రాయిడ్ ఫోన్‌నే ఇక్కడా తీసుకుందాం. ముందుగా ఒక జాగ్రత్త. ఫోన్‌ను చేర్చిన రోజు బ్యాటరీ లెక్కలు చూడకండి. కొత్తగా చేరిన ఆండ్రాయిడ్ ఫోన్ మొదటి 15 నిమిషాలు 3 నిమిషాలకోసారి, ఆ తర్వాత 2 గంటలు 15 నిమిషాలకోసారి ఇన్‌ట్యూన్‌ను పలకరిస్తుంది. ఆపైన సుమారు 8 గంటలకోసారికి తగ్గుతుంది. యాప్‌లన్నీ దిగేది కూడా అప్పుడే. ఆ రోజు ఛార్జింగ్ పడిపోవడం మామూలే.

మూడు రాత్రుల పరీక్ష

యాప్‌ల జాబితా చూసి ఊహలు మొదలుపెట్టకుండా ముందు కొలవండి. రాత్రి 10 గంటలకు 100 శాతం ఛార్జ్ చేసి, ఛార్జర్ తీసేసి, ఫోన్‌ను బల్ల మీద కదలకుండా పెట్టండి. ఉదయం 6కి ఎంత ఉందో రాసుకోండి.

మొదటి రాత్రి ఫోన్ ఎలా ఉందో అలాగే వదిలేయండి. రెండో రాత్రి ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మూడో రాత్రి ఏరోప్లేన్ మోడ్‌లోనే ఉంచి వైఫై మాత్రం ఆన్ చేయండి. రెండో రాత్రి దగ్గర చాలామంది పొరబడతారు. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లు ఏరోప్లేన్ మోడ్‌లో కిందటిసారి వైఫై ఆన్ చేసి ఉంటే అది గుర్తుపెట్టుకుని మళ్లీ అలాగే ఉంచేస్తాయి. కాబట్టి వైఫై, బ్లూటూత్ రెండూ ఆగాయో లేదో కళ్లారా చూసుకోండి.

5000 ఎంఏహెచ్ బ్యాటరీలో 1 శాతం అంటే 50 ఎంఏహెచ్. 8 గంటల్లో 5 శాతం తగ్గితే 250 ఎంఏహెచ్, అంటే సగటున 31 మిల్లీయాంపులు. ఇది బాగున్నట్టే. అదే 20 శాతం తగ్గితే సగటు 125 మిల్లీయాంపులు. స్క్రీన్ ఆరి ఉన్న ఫోన్ అంత తాగిందంటే లోపల ఏదో రాత్రంతా మేలుకునే ఉంది.

ఏరోప్లేన్ మోడ్‌లోనూ అంతే తగ్గితే బ్యాటరీ పాతబడి ఉండాలి, లేదంటే నెట్‌తో పనిలేకుండా ఏదో యాప్ ప్రాసెసర్‌ను పట్టుకుని ఉండాలి. ఏరోప్లేన్‌లో బాగుండి వైఫై రాత్రి కూడా తగ్గితే వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు వేసే రహస్య దారి), మెయిల్, సింక్ (డేటాను సర్వర్‌తో సరిచూసుకునే) యాప్‌ల వైపు వెళ్లండి. వైఫైలో బాగుండి మొదటి రాత్రి మాత్రమే తగ్గితే సిగ్నల్‌ను అనుమానించాలి. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎంలలో కనిపిస్తుంది; మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనమని అర్థం. 4జీలో మైనస్ 90 దగ్గర ఉంటే నిశ్చింత. మైనస్ 115 దాటితే ఫోన్ గట్టిగా అరిచినట్టు ఎక్కువ పవర్‌తో టవర్‌ను పిలుస్తూ ఉంటుంది. శ్రీశైలం దారిలో నల్లమల దాటేవాళ్ల ఫోన్లకు ఏ పాలసీ మార్చినా ఫలితం ఉండదు, వాహనంలో ఛార్జర్ ఇవ్వాల్సిందే. 4జీకీ 5జీకీ మధ్య ఊగిసలాడే చోట మాత్రం ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్‌ను ఎల్‌టీఈకి (అంటే 4జీకి) మారిస్తే తేడా తెలుస్తుంది.

డోజ్‌కు పడ్డ చిల్లులు

ఆండ్రాయిడ్ 6.0 నుంచీ డోజ్ అనే నిద్ర ఏర్పాటు ఉంది. స్క్రీన్ ఆరి, ఛార్జర్ లేకుండా, ఫోన్ కదలకుండా ఉంటే యాప్‌లకు నెట్ ఆపేస్తుంది, సింక్‌లను వాయిదా వేస్తుంది, అప్పుడప్పుడూ కాస్త కిటికీ తెరిచి అన్నిటినీ ఒకేసారి కానిస్తుంది. బ్యాటరీ ఆప్టిమైజేషన్ నుంచి మినహాయించిన యాప్‌కు మాత్రం డోజ్‌లోనూ నెట్ అందుతుంది, ప్రాసెసర్‌ను మేలుకునే ఉంచే హక్కూ ఉంటుంది. మినహాయింపు ఇచ్చిన ప్రతి యాప్ డోజ్‌కు పడ్డ ఒక చిల్లే.

సెట్టింగ్స్‌లో యాప్స్, స్పెషల్ యాప్ యాక్సెస్, బ్యాటరీ ఆప్టిమైజేషన్ తెరిచి మినహాయింపు ఉన్నవాటిని రాసుకోండి. సామ్‌సంగ్ ఫోన్లయితే నాక్స్ సర్వీస్ ప్లగిన్‌లో (సామ్‌సంగ్ సెట్టింగులను కన్సోల్ నుంచి పంపే యాప్) పంపిన మినహాయింపుల జాబితా కూడా చూడండి. ఎప్పుడో ఎవరో నోటిఫికేషన్ ఆలస్యమవుతోందని గోల చేస్తే పెట్టినవి అందులో పేరుకుపోయి ఉంటాయి. మెయిల్‌కు, చాట్‌కు మినహాయింపు అక్కర్లేదు. వాటికి సర్వర్ నుంచి వచ్చే హై ప్రయారిటీ పుష్ సందేశాలు డోజ్‌ను దాటుకుని వస్తాయి. లొకేషన్ ట్రాకింగ్ యాప్‌కు కావాలంటే ఇవ్వండి. మిగతావి ఒక్కోరోజు ఒక్కోటి చొప్పున తీసేయండి. అన్నీ ఒకేసారి తీసేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు, ఏదైనా ఆగిపోతే అదెందుకో కూడా తెలియదు.

ట్రాకింగ్ యాప్‌కు మినహాయింపు ఇచ్చాక దాని సెట్టింగ్ కూడా చూడాలి. 10 సెకన్లకోసారి లొకేషన్ అడిగితే 9 గంటల షిఫ్టులో 3,240 సార్లు. 2 నిమిషాలకోసారి అయితే 270. సేల్స్‌వాళ్లు ఏ షాపుకు వెళ్లారో తెలియడానికి 2 నిమిషాలు చాలు. కనీసం 100 మీటర్లు కదిలితేనే పంపాలనే షరతు యాప్‌లో ఉంటే అదీ పెట్టండి. షిఫ్టు అయ్యాక ట్రాకింగ్ ఆగేలా చూడండి. అది బ్యాటరీ కోసమే కాదు, మనిషి ఇంటికెళ్లాక ఎక్కడున్నాడో కంపెనీకి అనవసరం.

ఆల్వేస్-ఆన్ (ఎప్పుడూ ఆన్‌లోనే ఉండే) వీపీఎన్ సంగతి కాస్త వివరంగా చూడాలి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌లో పర్సిస్టెంట్ కీప్‌అలైవ్‌ను (కనెక్షన్ తెగకుండా ప్యాకెట్ పంపే వ్యవధిని) అలవాటుగా 25 సెకన్లకు పెట్టేస్తారు. అంటే ఫోన్ మేలుకుని ఉన్న ప్రతి గంటలో 144 సార్లు చిన్న ప్యాకెట్ వెళ్తుంది. ప్యాకెట్ చిన్నదే, డేటాకు లెక్కలోకి రాదు. కానీ ఒక్క ప్యాకెట్ వెళ్లినా 4జీ రేడియో వెంటనే పడుకోదు, ఇంకేమైనా వస్తుందేమోనని కాసేపు కాచుకుంటుంది. నెట్‌వర్క్‌ను బట్టి అది 10 సెకన్ల దాకా ఉంటుంది. 144ను 10తో గుణిస్తే గంటలో 24 నిమిషాలు ఏ పనీ లేకుండా రేడియో మేలుకున్నట్టు. సర్వర్ తనంతట తాను ఫోన్‌ను పలకరించాల్సిన అవసరం లేకపోతే కీప్‌అలైవ్‌ను సున్నా చేయండి. ఆఫీసు సర్వర్లతో పనిపడేది ఒకటి రెండు యాప్‌లకే అయితే పర్-యాప్ వీపీఎన్‌కు (ఆ యాప్‌లకు మాత్రమే పనిచేసేదానికి) మారడం ఇంకా మేలు.

పాస్‌వర్డ్ మార్చిన మర్నాడే ఛార్జింగ్ ఫిర్యాదు వస్తే ముందు మెయిల్ చూడండి. ఏదో పాత మెయిల్ యాప్‌లో పాత పాస్‌వర్డ్ మిగిలిపోయి పదేపదే తలుపు కొడుతుంటుంది. అకౌంట్ లాక్ అవుతుంటే అది రుజువు.

డేటా ఎటు పోతోంది

సిమ్ సెట్టింగ్స్‌లో యాప్ డేటా యూసేజ్ తెరిచి, పైన తేదీల చక్రాన్ని మీ ప్లాన్ మొదలయ్యే రోజుకు సరిచేయండి. పైనున్న 3 యాప్‌లను తెరిచి ఫోర్‌గ్రౌండ్ (తెర మీద వాడినప్పుడు), బ్యాక్‌గ్రౌండ్ (వెనక నడిచినప్పుడు) అంకెలు విడివిడిగా చూడండి. జాబితాలో హాట్‌స్పాట్ వరుస పెద్దదిగా ఉంటే యాప్‌ల జోలికే వెళ్లక్కర్లేదు. ఇంట్లో ల్యాప్‌టాప్ ఈ ఫోన్ మీదే నడుస్తోంది.

డెలివరీ ఫొటోలు తీసే చోట లెక్క ఇలా ఉంటుంది. 12 మెగాపిక్సెల్ ఫొటో ఒకటి సుమారు 4 ఎంబీ. రోజుకు 60 తీస్తే 240 ఎంబీ. అదే ఫొటోను కెమెరా బ్యాకప్ మళ్లీ క్లౌడ్‌కు పంపుతుంటే 480. రోజుకు 1.5 జీబీ ప్లాన్‌లో మూడో వంతు దీనికే పోయింది. డెలివరీ యాప్‌లో ఫొటో పొడుగు వైపును 1280 పిక్సెళ్లకు కుదిస్తే ఒక్కోటి 300 కేబీ దగ్గరికి వస్తుంది, మొత్తం 18 ఎంబీ. ఇంటి నంబరు, సంతకం ఆ సైజులోనూ చదవొచ్చు. బ్యాకప్‌ను వైఫైకి పరిమితం చేయండి.

ఇక యాప్ అప్‌డేట్లు. మేనేజ్‌డ్ గూగుల్ ప్లే (కంపెనీ ఫోన్లకు యాప్‌లు పంపే ప్లే స్టోర్) మామూలుగా ఫోన్ వైఫైలో, ఛార్జింగ్‌లో, వాడకంలో లేనప్పుడే అప్‌డేట్ చేస్తుంది. ఫీల్డు ఫోన్‌కు ఆ మూడూ ఒకేసారి కుదరవు. అప్‌డేట్లు నిలిచిపోతాయి, అడ్మిన్ విసిగి అన్ని యాప్‌లకూ హై ప్రయారిటీ (వెంటనే అప్‌డేట్ కావాలని) పెట్టేస్తాడు, దాంతో ప్రతి అప్‌డేటూ మొబైల్ డేటా మీదే దిగే పరిస్థితి వస్తుంది. హై ప్రయారిటీని పని నడిచే ఒక్క యాప్‌కే ఉంచండి. మిగతావాటికి వారంలో ఒక రాత్రి ఫోన్లన్నీ ఆఫీసు వైఫైలో ఛార్జింగ్ పెట్టించండి. సిమ్ వేసిన డాంగిల్‌ను వైఫైగా వాడేచోట ఆ నెట్‌వర్క్ వివరాల్లోకి వెళ్లి మీటర్డ్‌గా (డేటాకు లెక్క ఉన్నదిగా) గుర్తించండి. లేకపోతే ఫోన్ దాన్ని ఉచిత వైఫై అనుకుని బ్యాకప్‌లూ అప్‌డేట్లూ అన్నీ దాని మీదే కానిచ్చేస్తుంది.

తర్వాతి పాఠంలోపు చేయాల్సింది

ఎక్కువ ఫిర్యాదులొచ్చే ఒక ఫోన్, ఏ ఫిర్యాదూ లేని అదే మోడల్ ఫోన్ ఇంకొకటి తీసుకోండి. రెండింటికీ ఒకే మూడు రాత్రులు పరీక్ష పెట్టి ఆరు అంకెలూ, రెండింటి మినహాయింపుల జాబితాలూ పక్కపక్కన రాయండి. 5వ పాఠం ఎప్పుడూ ఛార్జర్‌కే తగిలించి ఉండే కియోస్క్ (ఒకే పనికి కట్టేసిన) ట్యాబ్లెట్ల గురించి. వాటి బ్యాటరీ ఉబ్బడం ఎందుకో అందులో చూద్దాం.