లింకులతో సైటుని గూగుల్‌లో పైకి తేవడం ఎలా?

“మూడు వేలకి వెయ్యి బ్యాక్‌లింకులు ఇస్తామంటున్నారండీ, తీసుకోమంటారా?” అని నెలకి ఇద్దరైనా ఫోన్ చేస్తారు (బ్యాక్‌లింకు అంటే వేరే సైటు నుంచి మీ సైటుకి వచ్చే లింకు). వాళ్లు నయం. తీసుకున్నాక చేసేవాళ్లే ఎక్కువ. బెజవాడ, గుంటూరు షాపుల సైట్లు చూసిపెట్టే పనిలో నాకు సగం రోజులు ఈ చెత్త ఏరడానికే పోతున్నాయి. ఒకసారి రాసి పెడితే ఫోన్లో మళ్లీ మళ్లీ చెప్పే బాధ తప్పుతుందని ఇది రాస్తున్నాను.

కావలసినవి

గూగుల్ సెర్చ్ కన్సోల్ ఖాతా (మీ సైటు గూగుల్‌లో ఎలా కనబడుతోందో చూపించేది, డబ్బులక్కర్లేదు), ఒక ఎక్సెల్ షీటు, ఒక ఫోను. అంతే. నెలనెలా డబ్బు కట్టే టూల్స్ చిన్న షాపుకి దండగ. అవి చూపించే “డొమైన్ అథారిటీ” గూగుల్ ఇచ్చే మార్కు కాదు, ఆ టూల్ కంపెనీలు సొంతంగా వేసుకున్న లెక్క. గూగుల్ లింకుల్ని బట్టి తను వేసే పేజ్‌ర్యాంక్ అంకెని బయటివాళ్లకి చూపించడం 2016లోనే ఆపేసింది.

1. ముందు ఇల్లు చక్కబెట్టుకోండి

బయటి లింకుల సంగతి తర్వాత. మీ సైటులోనే ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి దారి ఉందా చూడండి. హోమ్ పేజీ నుంచి ఏ పేజీకైనా మూడు క్లిక్కుల్లో చేరాలి. ఏ లింకూ లేని అనాథ పేజీ ఉంటే, దానికి సంబంధం ఉన్న రెండు మూడు పేజీల నుంచి లింకు ఇవ్వండి.

లింకు మీద “ఇక్కడ క్లిక్ చేయండి” అని రాయొద్దు. “మంగళగిరి పట్టు చీరలు” అని రాస్తే అవతల ఏముందో మనిషికీ తెలుస్తుంది, గూగుల్‌కీ తెలుస్తుంది. బొమ్మకి లింకు పెడితే దాని ఆల్ట్ టెక్స్ట్‌లోనైనా (బొమ్మ వెనక కోడ్‌లో రాసే వివరణ) ఆ మాట ఉండాలి. కొంతమంది డెవలపర్లు లింకు బదులు జావాస్క్రిప్ట్ బటన్ పెట్టేసి చేతులు దులుపుకుంటారు. హెచ్‌రెఫ్ (కోడ్‌లో వెళ్లాల్సిన అడ్రసు) ఉన్న మామూలు లింకైతేనే గూగుల్ దాన్ని నమ్మకంగా పట్టుకుని వెళ్తుంది. ఫుటర్‌లో (పేజీ అడుగున) యాభై ఊళ్ల పేర్లు రాసి అన్నిటికీ లింకులు పెట్టడం మాత్రం నా దగ్గర కుదరదు.

2. చెడిపోయిన దారులు

సైటు కొత్తగా చేయించినప్పుడు పాత అడ్రసులు మారిపోతాయి. ఎవరో ఎప్పుడో ఇచ్చిన మంచి లింకు 404 (“పేజీ లేదు” అనే) పేజీకి వెళ్లి ఆగిపోతుంది. పాత అడ్రసు నుంచి దానికి సరిపోయే కొత్త పేజీకి 301 రీడైరెక్ట్ (శాశ్వతంగా దారి మళ్లించడం) పెట్టించండి. అన్నిటినీ హోమ్ పేజీకి తోసేయొద్దు. సంబంధం లేని పేజీకి పంపితే గూగుల్ దాన్ని పేజీ లేనట్టే లెక్కేస్తుంది. ఇది గంట పని.

3. బయటివాళ్ల చేత లింకు ఇప్పించుకోవడం

అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో పేజ్‌ర్యాంక్ గురించి చెప్పింది స్థూలంగా ఇదీ: ఒక పేజీ ఇంకో పేజీకి లింకు ఇస్తే అది ఒక ఓటు లాంటిది, కానీ అన్ని ఓట్లకీ ఒకే విలువ ఉండదు. నలుగురూ లింకిచ్చే పేజీ నుంచి వచ్చిన ఓటుకి బరువెక్కువ. ఓటుకి విలువ ఉందని తెలిశాక మన జనం ఏం చేస్తారో చెప్పాలా? కొనడం, అమ్మడం మొదలైంది. 2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అనే అప్‌డేట్ తెచ్చి అలాంటి సైట్లని కిందికి తోసింది. 2016 నుంచి అది అసలు ర్యాంకింగ్‌లోనే కలిసిపోయి ఎప్పటికప్పుడు పనిచేస్తోంది. ఇప్పుడు కొన్న లింకుల్ని చాలావరకు లెక్కలోకే తీసుకోదు. అంటే మీ మూడు వేలు కృష్ణలో కలిసినట్టే. మరీ ఎక్కువైతే మాన్యువల్ యాక్షన్ (గూగుల్ మనుషులు చూసి వేసే శిక్ష) కూడా పడుతుంది.

అసలు ప్రమాదం లింకు మీద ఉండే మాటల్లో ఉంది. అరండల్‌పేటలో ఒక కారం పొడుల షాపాయన కొనలేదు, నిజాయితీగానే తెలిసినవాళ్లని అడిగాడు. కానీ పదిమందికీ ఒకే మెసేజ్ ఫార్వర్డ్ చేశాడు: “గుంటూరు బెస్ట్ మిర్చి కారం ఆన్‌లైన్” అని పెట్టి లింకివ్వండి అని. పదీ ఒక్క అచ్చులో పోసినట్టు వచ్చాయి. ఆ లింకులు ఆర్నెల్లయినా ఆ పేజీని కదిలించలేదు. మనుషులు మామూలుగా అలా రాయరు. ఒకరు షాపు పేరు రాస్తారు, ఒకరు సైటు అడ్రసు, ఇంకొకరు “మా కారం వీళ్ల దగ్గరే” అంటారు. అందుకే ఏం రాయాలో మీరు చెప్పొద్దు. “ఏం పెట్టమంటావు?” అని వాళ్లే అడిగితే “షాపు పేరు చాలు బాబాయ్” అనండి. ఇంకో మాట మాట్లాడొద్దు.

ఎవర్ని అడగాలి? మీతో నిజంగా లావాదేవీ ఉన్నవాళ్లని. మీ కారం వాడే హోటలు, మిమ్మల్ని డీలరుగా పెట్టుకున్న కంపెనీ, మీరు సభ్యులుగా ఉన్న వర్తక సంఘం, మీరు వంటలు చేసిపెట్టే కల్యాణ మండపం. ఎక్సెల్‌లో రాసుకుంటే ఇరవై పేర్లు తేలతాయి. వాళ్లలో సగం మందికి సైటే ఉండదు, అది వేరే సంగతి.

అడిగేముందు మీ సైటులో లింకివ్వడానికి తగిన పేజీ ఒకటైనా ఉండాలి. “మా వద్ద నాణ్యమైన సరుకు లభించును” అన్న పేజీకి ఎవరు లింకిస్తారు? మిర్చి అమ్మేవాళ్లైతే తేజ, 334, బ్యాడిగ రకాల మధ్య తేడా రాయండి: దేనికి ఘాటు, దేనికి రంగు, మీరు యార్డులో కాయ ఎలా చూసి కొంటారు, తొడిమ తీసిన కాయకి ధర ఎందుకెక్కువ. గుంటూరు సన్నం మిర్చికి జీఐ (ఆ ప్రాంతపు సరుకు అన్న చట్టపరమైన) గుర్తింపు ఉందన్న సంగతి కూడా. ఇవి మీకు నోటికి వచ్చిన విషయాలే. హైదరాబాద్‌లో కూర్చుని వంటల గురించి రాసేవాళ్లకి ఇలాంటి పేజీ దొరకదు. దొరికితే అడక్కుండానే లింకిస్తారు.

మెయిల్ పెట్టొద్దు. “డియర్ సర్” అని మొదలయ్యే మెయిల్ మీరు చదువుతారా? ఏజెన్సీలు వందలకొద్దీ పంపుతాయి, నేను ఒక్కటీ పంపను. బీసెంట్ రోడ్డులో షాపుంటే వెళ్లి ఐదు నిమిషాలు కూర్చుని, టీ తాగి, ఫోన్లో పేజీ తెరిచి చూపించండి. సాయంత్రం బేరాల వేళ మాత్రం వెళ్లకండి. నెలకి ముగ్గురే. నాలుగో మనిషిని వచ్చే నెల అడగండి.

“మీది మేం పెడతాం, మాది మీరు పెట్టండి” అనే ఒప్పందం ఒకటి రెండు చోట్ల సహజంగా జరిగితే ఫర్వాలేదు. దాన్నే పద్ధతిగా పెట్టుకుంటే గూగుల్ నిబంధనలకి విరుద్ధం. డబ్బిచ్చినా, ఊరగాయ జాడీలు ఉచితంగా పంపి రాయించుకున్నా, ఆ లింకు కోడ్‌లో “స్పాన్సర్డ్” గుర్తు (ప్రతిఫలం తీసుకుని ఇచ్చిన లింకని గూగుల్‌కి చెప్పేది) పెట్టమనండి. 2005 నుంచీ ఉన్న “నోఫాలో” (ఈ లింకుని ఓటుగా లెక్కపెట్టొద్దని చెప్పే గుర్తు) పెట్టినా సరే. స్పాన్సర్డ్ 2019లో వచ్చింది. దానివల్ల ర్యాంకు పెరుగుతుందని ఆశపెట్టుకోకండి, కొనేవాళ్లు మాత్రం వస్తారు.

ఇప్పటికే చెత్త లింకులు ఉంటే

సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్స్ తెరిచి చూడండి. ఏమీ లేకపోతే వదిలేయండి. డిసవౌ టూల్ (ఈ సైట్ల లింకులు లెక్కపెట్టొద్దని గూగుల్‌కి ఫైలు ఇచ్చేది) జోలికి టెన్షన్‌తో వెళ్లొద్దు. గవర్నర్‌పేటలో ఒకాయన మేనల్లుడు ఆ ఫైల్లో సొంత వర్తక సంఘం సైటుని కూడా చేర్చి పెట్టాడు.

4. చూసుకోవడం

కొత్త లింకు సెర్చ్ కన్సోల్ “లింక్స్” రిపోర్టులో కనబడటానికి వారాలు పట్టొచ్చు, కొన్ని అసలు కనబడవు. నెలకొకసారి చూస్తే చాలు. సొంత ఫోన్లో సొంత షాపు వెతుక్కుని “ఫస్టు వచ్చామండీ” అని నాకు స్క్రీన్‌షాట్ పంపకండి. మీరు కూర్చున్న చోటుని బట్టి కూడా గూగుల్ ఫలితాలు మారుస్తుంది. షాపులోనే కూర్చుని వెతికితే మీ షాపు రాక ఎవరిది వస్తుంది? “పెర్ఫార్మెన్స్” రిపోర్టులో సగటు స్థానం చూడండి, లేదా తెనాలిలో ఉన్న మీ తోడల్లుడిని వెతకమనండి.