ఉపాధ్యాయుల చొరవకు బడిలో చోటు కల్పించడం ఎలా?

ఉపాధ్యాయుల్లో నూతన ఆలోచనలను, ఔత్సాహిక స్ఫూర్తిని (ఆంత్రప్రెన్యూర్‌షిప్) ప్రోత్సహించాలన్న మాట ప్రతి శిక్షణ తరగతిలోనూ వింటాం. ఆ ప్రోత్సాహం మరునాడు ఉదయం ప్రార్థన ముగిశాక ఏ పనితో మొదలుకావాలో చెప్పేవారు మాత్రం తక్కువ. నల్గొండ జిల్లాలోని ఉన్నత పాఠశాలల్లో గణిత ఉపాధ్యాయుడిగా, తర్వాత ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన అనుభవంతో ఈ వ్యాసం రాస్తున్నాను. ఇది ముఖ్యంగా ప్రధానోపాధ్యాయులకూ, స్కూల్ కాంప్లెక్స్ (దగ్గరలోని కొన్ని బడులను కలిపిన సమూహం) బాధ్యులకూ ఉద్దేశించినది.

ఔత్సాహిక స్ఫూర్తి అనగానే వ్యాపారమని అనుకోనక్కర లేదు. బడికి సంబంధించినంత వరకు దాన్ని చొరవ అంటే సరిపోతుంది. తన ముందున్న ఇబ్బందిని తనదిగా భావించడం, అందుబాటులో ఉన్నవాటిని కూడగట్టుకోవడం, పని చెడిపోవచ్చని తెలిసినా ప్రయత్నించడం, చివరకు ఫలితం ఎంతో లెక్క చూసుకోవడం, ఈ నాలుగూ కలిస్తేనే చొరవ. దీనికి మన ప్రాంతంలోనే మంచి ఉదాహరణ ఉంది. ఒకప్పటి నల్గొండ జిల్లాలో, ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితోనే చదువు ఆపేశారు. చీరకు ఆసు పోసేటప్పుడు, అంటే నేతకు ముందు నూలును సిద్ధం చేసేటప్పుడు, దారాన్ని మేకుల చుట్టూ వేలసార్లు తిప్పి తిప్పి తల్లి లక్ష్మి చేయీ భుజమూ నొప్పితో బాధపడటం చూసి, ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తిచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఉపాధ్యాయులకు ఈ కథ చెప్పేటప్పుడు మనం పురస్కారం దగ్గర ఆగుతాం. ఆగవలసింది తల్లి నొప్పి దగ్గర, మధ్యలో పనిచేయని యంత్రాల దగ్గర.

మొదట ఒక నోటుబుక్కు

సిబ్బంది సమావేశంలో "కొత్త ఆలోచనలు ఏమైనా ఉంటే చెప్పండి" అని అడిగితే ఎవరూ నోరు విప్పరు. ఆ ప్రశ్న అడిగి అడిగి, చాలా కాలం తర్వాత నేను దాన్ని మార్చుకున్నాను. "సార్, మీ తరగతిలో పిల్లలు ఏ పని దగ్గర ఆగిపోతున్నారు?" అని ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగితే మాటలు వచ్చాయి. ఏడో తరగతి పిల్లలు భాగహారంలో శేషాన్ని ఏం చేయాలో తెలియక ఆగుతున్నారని ఒకరు, తెలుగు వాచకం ధారాళంగా చదివే అమ్మాయి తన మాటల్లో రెండు వాక్యాలు రాయలేకపోతోందని మరొకరు చెప్పారు. ఇలాంటివాటిని తేదీ వేసి, చెప్పినవారి పేరుతో, వారి మాటల్లోనే ఒక నోటుబుక్కులో రాయాలి. అప్పటికప్పుడే పరిష్కారం చెప్పే ఉత్సాహాన్ని ప్రధానోపాధ్యాయుడు అణచుకోవాలి, ఎందుకంటే పెద్దవారు పరిష్కారం చెప్పేశాక చిన్నవారు ఆలోచించడం మానేస్తారు.

దక్షిణ తెలంగాణలో ఈ నోటుబుక్కు ఖాళీగా ఉండదు. దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడి, బడిలో మొదటి రోజు నుంచే తెలుగునూ ఇంగ్లిషునూ ఎదుర్కొంటారు. పాలమూరులో పంట పనులు ముగిసిన తర్వాత కుటుంబాలు హైదరాబాదుకో, ముంబైకో, పుణెకో వలస వెళ్తే, తిరిగి వచ్చిన పిల్లలు నెలల పాఠాలు పోగొట్టుకొని వెనక బెంచీలో కూర్చుంటారు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీటి చరిత్ర ప్రతి కుటుంబానికీ తెలుసు. ఇవన్నీ మన కష్టాలుగా చెప్పుకొంటూ వచ్చాం. చొరవ ఉన్న ఉపాధ్యాయుడి చేతిలో ఇవే పాఠానికి ముడిసరుకు అవుతాయి.

ఒక ఇబ్బంది, ఆరు వారాలు

నోటుబుక్కులోంచి ఒక్క ఇబ్బందినే ఎంచుకోవాలి. ఏది ఎంచుకోవాలన్న నిర్ణయం దాన్ని చెప్పిన ఉపాధ్యాయుడిదే కావాలి. గడువు ఆరు వారాలు ఉంటే చాలు. జూన్ నెల ప్రవేశాలకూ, పుస్తకాల పంపిణీకే సరిపోతుంది కనుక జూలై మొదటి వారం నుంచి ఆగస్టు మధ్య వరకు అనువైన కాలం. దసరా తర్వాత వలసలు, పరీక్షలు మొదలవుతాయి.

తండా పిల్లల ఉదాహరణనే తీసుకుందాం. ఒకటో తరగతి ఉపాధ్యాయురాలికి లంబాడీ రాదు. ఆమె పిల్లల దగ్గరే రోజుకు ఐదు మాటలు నేర్చుకొని, గోడ మీద చార్టులో రాస్తుంది. అమ్మను యాడి అంటారని, నీళ్లను పాణి అంటారని, రొట్టెను బాటి అంటారని పిల్లలు ఆమెకు చెబుతారు. ఆమె పలుకుబడి తప్పితే సరిదిద్దుతారు. ఇంతవరకు తరగతిలో నోరు మెదపని పిల్లవాడు టీచరుకు పాఠం చెప్పే స్థానంలోకి వస్తాడు. వారానికి ఒకసారి తండా నుంచి ఒక పెద్దావిడను పిలిచి కథ చెప్పించి, ఆ కథనే తెలుగులో మళ్లీ చెప్పించవచ్చు. దీనికయ్యే ఖర్చు చార్టు పేపర్లూ స్కెచ్ పెన్నులూ మాత్రమే.

మొదలుపెట్టే ముందు రోజున, ఆరు వారాల చివరి రోజున ఒకే చిన్న కొలతను తీసుకోవడం తప్పనిసరి. ఒక బొమ్మ చూపించి దాని గురించి తెలుగులో మూడు వాక్యాలు చెప్పగలిగిన పిల్లలు ఎందరో లెక్కపెట్టినా సరిపోతుంది. కొలత లేని ప్రయత్నం ఎంత బాగున్నా పక్క ఉపాధ్యాయుడికి నమ్మకం కలిగించదు, చేసినవారికీ ఏది పనిచేసిందో తెలియదు.

ఉన్నత పాఠశాలలో ఇంకా విస్తారమైన అవకాశం ఉంది. నీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది. ప్రపంచమంతటా దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు. మన జిల్లా పేరు మీద ఉన్న ఈ పద్ధతిని రసాయనశాస్త్ర తరగతిలో ఒక బకెట్‌తో చూపించవచ్చు. పటిక కలిపిన తర్వాత ఏర్పడే మడ్డి మెల్లగా అడుగుకు దిగడాన్ని, పైన నీరు తేరుకోవడాన్ని గమనించిన పిల్లలకు అవక్షేపం అన్న మాటకు వేరే నిర్వచనం బట్టీ పట్టించనక్కర లేదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఊరిలోని బోర్ల నీటిని పరీక్ష కిట్‌తో పరిశీలించి, ఊరి పటంలో రంగులతో గుర్తించే పని పిల్లలకు ఇస్తే, అదే రసాయనశాస్త్రం, అదే భూగోళం, అదే గణాంకాలు. ప్రదర్శనలో శుద్ధిచేసిన నీటిని మాత్రం ఎవరూ తాగకుండా చూడాలి, ఎందుకంటే కలపవలసిన మోతాదు ఆ నీటి గుణాన్ని బట్టి మారుతుంది.

గణితానికి నల్గొండ బత్తాయి మార్కెట్టే ఒక పాఠ్యపుస్తకం. టన్ను ధర, తరుగు, కమీషన్, హమాలీ, రవాణా ఖర్చు, చివరకు రైతు చేతికి వచ్చేది ఎంత అన్న లెక్కను పిల్లలు తమ ఇంటి చీటీలతోనే వేస్తే శాతాలు అర్థమవుతాయి. నాన్న అమ్మకంలో ఎంత పోయిందో తెలుసుకున్న పిల్లవాడు తర్వాతి ప్రశ్న తానే అడుగుతాడు. పిల్లల్లో వ్యాపార దక్షత పెంచాలనుకునేవారు కూడా ఇక్కడి నుంచే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. కాగితపు సంచులు చేసి అమ్మించడం తర్వాత సంగతి.

భయాన్ని తీసివేయడం

నేను అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పదలచినది ఇదే. మన బడుల్లో ఉపాధ్యాయులకు ఆలోచనల కొరత లేదు. ఉన్నది భయం. సిలబస్ పూర్తికాలేదని అంటారేమో, తరగతిలో గోల వినిపిస్తే బోధన రాదనుకుంటారేమో, తోటివారు "ఈ సారుకు అవార్డు కావాలట" అని నవ్వుతారేమో అన్న భయం ప్రతి కొత్త ప్రయత్నాన్నీ మొదట్లోనే ఆపేస్తుంది.

నేను ప్రధానోపాధ్యాయుడిగా చేరిన కొత్తలో, ఉద్యోగంలో చేరి రెండేళ్లు కాని ఒక ఉపాధ్యాయుడు ఎనిమిదో తరగతి పిల్లలను మైదానంలోకి తీసుకెళ్లి, తాళ్లతో, మేకులతో వైశాల్యాలు కొలిపిస్తున్నాడు. ఆ సమయంలో తనిఖీకి వచ్చిన అధికారి తరగతి గది ఖాళీగా ఉండటం చూసి, పిల్లల ముందే అతణ్ని మందలించారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను, ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ రోజు నుంచి ఆ ఉపాధ్యాయుడు సుద్దముక్క, నల్లబల్ల దాటి బయటకు రాలేదు. అతని తప్పు ఏమీ లేదు, అధికారికి సంగతి తెలియదు, తెలియజెప్పవలసిన బాధ్యత నాది.

ఆ తర్వాత నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏ ఉపాధ్యాయుడైనా ఆరు వారాల ప్రయత్నం మొదలుపెట్టే ముందు అరపేజీ కాగితం రాస్తాడు. ఇబ్బంది ఏమిటి, ఏం చేయబోతున్నాడు, ఏ పాఠ్యాంశానికి సంబంధించినది, ఎలా కొలుస్తాడు అన్న నాలుగు సంగతులు అందులో ఉంటాయి. దాని మీద ప్రధానోపాధ్యాయుడు "నా అనుమతితో జరుగుతున్నది" అని రాసి సంతకం చేసి, తేదీ వేసి, ఒక ప్రతిని పాఠ్యప్రణాళిక పుస్తకంలో అంటిస్తాడు. తనిఖీకి ఎవరు వచ్చినా ముందుగా ఆ కాగితాన్ని ప్రధానోపాధ్యాయుడే చూపించాలి. ప్రయత్నం విఫలమైతే సంజాయిషీ చెప్పేదీ ఆయనే. విజయవంతమైతే పేరు ఉపాధ్యాయుడిది. ఈ ఏర్పాటు కాగితం మీద చిన్నదే కానీ, సిబ్బంది గదిలో మాటతీరు మారడం నేను చూశాను.

ఆరు వారాల తర్వాత పనిచేయని సంగతులను కూడా అదే నోటుబుక్కులో రాయించాలి. "పాటల పద్ధతితో ఎక్కాలు వచ్చాయి, కానీ మధ్యలోంచి అడిగితే చెప్పలేకపోయారు" అని ఒక టీచరు రాసిన వాక్యం, మరో ఇద్దరికి నెల రోజుల శ్రమను తప్పించింది.

సమయం, డబ్బు

ప్రయత్నం చేసే ఉపాధ్యాయుడికి వారంలో కనీసం ఒక ఖాళీ పీరియడ్‌ను ఎవరూ ముట్టుకోకుండా కాపాడాలి. సెలవులో ఉన్నవారి తరగతికి ఆ పీరియడ్‌లో ఆయనను పంపకూడదు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప ఇతర బోధనేతర పనులకు ఉపాధ్యాయులను వినియోగించరాదన్న సంగతి అందరికీ తెలిసిందే. బడి లోపల మనమే అప్పగించే రిజిస్టర్ పనులను కూడా అదే దృష్టితో చూసుకోవాలి. జాతీయ విద్యావిధానం 2020 ప్రతి ఉపాధ్యాయుడికీ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి అభివృద్ధిని సూచించింది. ఆ గంటలన్నీ ఉపన్యాసాలు వినడానికే పోకుండా, సొంత తరగతిలో చేసిన ప్రయత్నాన్ని చర్చించడానికి కొన్నింటిని కేటాయించమని కాంప్లెక్స్ సమావేశంలో కోరవచ్చు.

డబ్బు విషయంలో ఒక్కటే చెబుతాను. ఉపాధ్యాయుడు ప్రతిసారీ సొంత జేబులోంచి పెట్టుకోవడాన్ని పొగడకండి. పాఠశాల గ్రాంటులోంచి, నియమాలు అనుమతించిన మేరకు, కమిటీ తీర్మానంతో చిన్న మొత్తాన్ని ముందే పక్కన పెట్టి, బిల్లులు జాగ్రత్త చేయండి. కొరత పడితే పూర్వ విద్యార్థులను డబ్బుకు బదులు వస్తువుగా ఇమ్మని అడగండి, లెక్క తేలికగా ఉంటుంది.

పక్క బడికి చేరాలంటే

ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేసేవారికి సలహా అడగడానికి కూడా మనిషి ఉండరు. అందువల్ల కాంప్లెక్స్ పరిధిలో అలాంటి ఇద్దరిని జంటగా కలిపి, నెలకు ఒకసారి ఒకరి బడికి మరొకరు వెళ్లేలా చూడాలి. పెద్ద బడి నుంచి ఒకరిని ఆ రోజుకు సర్దుబాటు చేస్తే మూతపడే తరగతి ఉండదు.

ఫలితం కనిపించిన పద్ధతిని కాంప్లెక్స్ సమావేశంలో వివరించడం కన్నా, పిల్లలతో పాఠంగా చూపించడం మేలు. చూసినవారిని అలాగే చేయమని ఒత్తిడి పెట్టకూడదు. దేవరకొండ తండాలో పనికొచ్చిన చార్టు నారాయణపేటలో కన్నడ మాట్లాడే ఇళ్ల పిల్లలకు అలాగే పనికిరాదు, అక్కడి టీచరు దాన్ని మార్చుకోవాలి, ఆ మార్పును తన పేరుతోనే చెప్పుకోవాలి.

విద్యార్థుల కొత్త ఆలోచనలను ప్రోత్సహించే కేంద్ర ప్రభుత్వ పథకం ఇన్‌స్పైర్ మానక్ వంటివాటిని తప్పక వాడుకోవాలి. ఇన్‌స్పైర్ మానక్‌లో ఎంపికైన విద్యార్థి ఆలోచనకు నమూనా తయారీ కోసం 10,000 రూపాయలు వస్తాయి. అయితే గడువు దగ్గరపడ్డాక అంతర్జాలంలో వెతికి పిల్లల పేరుతో పంపే నమూనాల వల్ల పిల్లలకు గానీ ఉపాధ్యాయులకు గానీ ఒరిగేదేమీ లేదు. ఏడాది పొడవునా నోటుబుక్కు రాసిన బడికి ఆలోచనల కోసం వెతికే అవసరం రాదు.

బదిలీలు వచ్చినప్పుడు ఈ పని చాలాచోట్ల ఆగిపోతుంది. కొత్త ప్రధానోపాధ్యాయుడికి చార్జి అప్పగించేటప్పుడు క్యాష్ బుక్కు, స్టాక్ రిజిస్టర్‌లతో పాటు ఈ నోటుబుక్కును కూడా జాబితాలో చేర్చి, నడుస్తున్న ప్రయత్నాలు ఏవో, వాటి కొలత తీసుకోవలసిన తేదీ ఎప్పుడో చివరి పేజీలో రాసి, ఆ ఉపాధ్యాయుల ఎదుటే అప్పగించండి.