మన కుక్కకు మనమే గురువు – 3వ పాఠం: పిలిస్తే రావడం

పేరు వినగానే మీ ముఖం వైపు చూడడం, 'కూర్చో' అనగానే కూర్చోవడం గత రెండు పాఠాల్లో సాధన చేయించాం. ఇంట్లో ఏ గదిలో అడిగినా ఆ రెండూ పదిసార్లలో ఎనిమిదిసార్లు జరుగుతుంటేనే ఈ పాఠం మొదలుపెట్టండి. లేకపోతే మరో నాలుగు రోజులు అక్కడే ఆగినా నష్టం లేదు. గేటు పొరపాటున తెరిచి ఉండి, వీధిలో బండి వస్తున్న క్షణంలో కుక్క ప్రాణం నిలిపే విద్య కాబట్టి, పిలిస్తే రావడానికి మిగతా అన్నిటికంటే ఎక్కువ ఓపిక పెట్టమని కోరుతున్నాను.

ముందుగా పిలిచే మాటను ఎంచుకోవాలి. మన ఇళ్లలో 'రా' అనే మాటకు ఒక చిక్కు ఉంది. 'ఏంట్రా', 'తినరా', 'పడుకోరా' అంటూ రోజుకు వందసార్లు ఆ శబ్దం కుక్క చెవిన పడుతుంది, కానీ దాని వెంట ఏమీ జరగదు. అర్థం లేకుండా పదే పదే వినిపించే శబ్దాన్ని కుక్క పట్టించుకోవడం మానేస్తుంది. పైగా నాన్న 'కమ్' అని, అమ్మమ్మ 'దా' అని, పిల్లలు 'ఇటురా' అని పిలిస్తే ఒకే పనికి మూడు మాటలవుతాయి. అందువల్ల ఇంట్లో మరెవరినీ పిలవడానికి వాడని మాటను, ఉదాహరణకు 'చలో' అనే మాటను, అందరూ కలిసి నిర్ణయించుకుని, కాగితంపై రాసి ఫ్రిజ్‌కు అంటించండి. ఈల వేయడం అందరికీ వస్తే అదీ మంచిదే.

జీర్ణక్రియపై చేసిన పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి అందుకున్న రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్, ఆహారం నోటికి అందకముందే, అది రాబోతోందన్న సూచనకే కుక్కలకు లాలాజలం ఊరుతుందని గమనించి ఆ విషయాన్ని లోతుగా పరిశీలించారు. మన సాధనకు కావలసిన సూత్రం అందులోనే ఉంది: సూచన ముందు రావాలి, ఆహారం తర్వాత రావాలి. చెయ్యి జేబులోకి వెళ్లాక మాట పలికితే కుక్క మీ జేబును చదవడం నేర్చుకుంటుంది తప్ప మాటను నేర్చుకోదు.

ఇక సాధన. గదిలో కుక్కకు రెండడుగుల దూరంలో నిలబడి, మాటను సంతోషంగా ఒక్కసారే పలకండి. అది దగ్గరకు రాగానే ఒక చేత్తో మెడపట్టీని మృదువుగా తాకి, రెండో చేత్తో మోకాలి దగ్గర శనగగింజంత ముక్క అందించి, వెంటనే వదిలేయండి. పట్టీని తాకడం అనవసరమనిపించవచ్చు కానీ, ఈ అలవాటు లేని కుక్కలు ముక్క అందుకుని, పట్టుకోబోయే చేతికి దొరకకుండా తప్పుకుంటాయి. ముక్కలకు ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం శ్రేష్ఠం. శాకాహారుల ఇళ్లలో పనీరు గానీ, ఉడికించిన చిలగడదుంప గానీ సరిపోతుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు హానికరం కాబట్టి కూరలోని ముక్క పెట్టకూడదు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ అసలే వద్దు. పూటకు ఐదు నిమిషాలు చాలు.

గదిలో కుదిరాక ఇద్దరు మనుషులు వసారాలో చెరో చివర నిలబడి మార్చి మార్చి పిలవండి. ఆ తర్వాతే బయటకు. ఆరేడు మీటర్ల తాడును మెడపట్టీకి కాకుండా ఛాతీ చుట్టూ వేసే హార్నెస్‌కు కట్టి, గోడ ఉన్న ఖాళీ స్థలంలో, ఎండ ముదరకముందే సాధన చేయించండి. తాడు కుక్క పారిపోకుండా ఉండటానికే. దాన్ని గుంజి దగ్గరకు లాగకూడదు, వేళ్లకు చుట్టుకోకూడదు. రాకపోతే మాటను మళ్లీ మళ్లీ పలకకండి. మీరే నడిచి వెళ్లి, తర్వాతిసారి దూరం తగ్గించి పిలవండి. వెంటపడితే దానికి అది ఆట అవుతుంది. ఎదురుదిశలో పరుగెత్తితే చాలాసార్లు అదే మీ వెంట వస్తుంది.

నేను చేసిన తప్పొకటి చెప్పాలి. మా మొదటి నాటుకుక్కను ప్రతి ఆదివారం ప్రేమగా పిలిచి, రాగానే స్నానానికి ఎత్తుకెళ్లేవాణ్ణి. నెల తిరక్కుండానే, పిలుపు వినగానే అది మంచం కిందికి దూరడం మొదలుపెట్టింది. అది చూసి చాలా బాధపడ్డాను, ఎందుకంటే నన్ను నమ్మి వచ్చిన ప్రతిసారీ దానికి ఇష్టం లేనిదే దక్కింది. కొత్త మాటతో మళ్లీ మొదటి నుంచి నేర్పడానికి మూడు నెలలు పట్టింది. అందుకే స్నానానికి, మందుకు, గోళ్లు కత్తిరించడానికి మీరే దాని దగ్గరకు వెళ్లండి. పిలిచాక పది నిమిషాలకు వచ్చినా తిట్టకండి. ఆ తిట్టు ఆలస్యానికని దానికి తెలియదు, వచ్చినందుకే అనుకుంటుంది. పది పిలుపుల్లో తొమ్మిదింటికి ముక్క ఇచ్చి మళ్లీ ఆటకే పంపేయండి.

ఇంటికి వచ్చి నేర్పే ట్రైనర్‌ను పెట్టుకున్నవారు, మొదటి రోజు నుంచే తాడు మీ చేతిలో ఉండాలని అడగండి. ఆయన పిలిస్తే పరుగున వచ్చే కుక్క మీరు పిలిస్తే కదలకపోవడం తరచూ కనిపించేదే. కుక్క మాటతోపాటు మనిషిని, చోటును కూడా కలిపి నేర్చుకుంటుంది. కరెంటు షాకిచ్చే పట్టీ వాడదామనే ట్రైనర్‌ను నిస్సంకోచంగా మానిపించండి.

ఈ వారం ఒక నోటుపుస్తకంలో రోజుకు పది పిలుపులు రాసుకోండి: ఎవరు పిలిచారు, ఎంత దూరం, మొదటి పిలుపుకే వచ్చిందా. వరుసగా మూడు రోజులు ఎనిమిది దాటితే దూరాన్ని రెండడుగులు పెంచండి. నాలుగో పాఠానికి ఆ పుస్తకం, అదే తాడు అవసరమవుతాయి.