సముద్ర వార్తలు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: పోటులో కనిపిస్తుందా?

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కతో మొదలుపెడదాం. 200 నాటికల్ మైళ్ళు అంటే ఎన్ని కిలోమీటర్లు? జవాబు 370. మీకు 320 వచ్చిందంటే రోడ్డు మైలు పట్టుకున్నారన్నమాట. సిగ్గుపడక్కర్లేదు. ఈ వార్తలు చదవడం మొదలుపెట్టిన కొత్తలో నేనూ చాలాకాలం 1.6తోనే గుణించాను. ఫిలిప్పీన్స్ నీళ్ళలో ఉన్న చోట్లని బయటికి నెట్టేసి, పైగా ఇంట్లోవాళ్ళకి అదే వివరించి చెప్పాను కూడా. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. 12 మైళ్ళు 22 కిలోమీటర్ల చిల్లర, 24 మైళ్ళు 44 చిల్లర, 200 మైళ్ళు 370. ఈ మూడూ నోటికి రావాలి. ఇకనుంచి ఈ పాఠాల్లో మైలు అంటే నాటికల్ మైలే.

తీరం నుంచి 12 మైళ్ళ దాకా ప్రాదేశిక జలాలు. అక్కడ ఆ దేశానిదే రాజ్యం. 200 మైళ్ళ దాకా ఈఈజెడ్ (ఎక్స్‌క్లూజివ్ ఎకనామిక్ జోన్). అక్కడ చేపలూ గ్యాసూ ఆ దేశానివి, దారి మాత్రం అందరిదీ. మన పేపర్లు దీన్ని 'ప్రత్యేక ఆర్థిక మండలి' అని రాస్తుంటాయి. ఫ్యాక్టరీలు పెట్టే సెజ్‌కీ అదే పేరు కాబట్టి కొత్తవాళ్ళు తికమకపడతారు. అందుకే నేను ఈఈజెడ్ అనే రాస్తాను.

ఈరోజు నేర్చుకునేది ఒకే ఒక్క ప్రశ్న. దక్షిణ చైనా సముద్రంలో ఏ గొడవ గురించి చదివినా, 'అది ఎవరిది?' అనే ముందు ఈ ప్రశ్న వేయండి: పోటు మీద ఉన్నప్పుడు అది నీళ్ళపైన కనిపిస్తుందా?

సముద్రం దగ్గర పెరిగినవాళ్ళకి పోటూ పాటూ చెప్పక్కర్లేదు. పోటుకి నీళ్ళు పైకొస్తాయి, పాటుకి వెనక్కి తగ్గుతాయి. 1982లో కుదిరిన ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం (1994 నుంచి అమల్లో ఉంది) సముద్రం మధ్యలో ఉన్న ప్రతి దిబ్బకీ ఈ పోటుపాట్లని బట్టే హోదా ఇస్తుంది. పోటులోనూ పైన ఉండి, మనుషులు సొంతంగా బతకగలిగితే అది పూర్తి దీవి. దానికి 12 మైళ్ళూ వస్తాయి, 200 మైళ్ళూ వస్తాయి. పోటులో పైన ఉన్నా మనుషుల బతుకుకి పనికిరాకపోతే అది రాయి. దానికి 12 మైళ్ళే. పాటులో మాత్రమే తేలి పోటులో మునిగిపోతే దానికి సొంతంగా ఒక్క మైలు కూడా రాదు. ఎప్పుడూ మునిగే ఉండేది ఉత్త సముద్రపు అడుగు. దానికి హోదా అనే మాటే లేదు.

మునిగిపోయే దిబ్బ మీద ఇసుక పోసి, కాంక్రీటు వేసి, రన్‌వే కడితే? హోదా మారదు. కట్టిన దీవికి చుట్టూ 500 మీటర్ల భద్రతా వలయం మాత్రమే ఇస్తుంది చట్టం. ఈ వాక్యం కింద గీత గీసుకోండి. చైనా 2013 చివర్లో మొదలుపెట్టి ఏడు చోట్ల సుమారు 1,300 హెక్టార్ల నేల పోసింది. ఫైరీ క్రాస్, సుబి, మిస్చిఫ్ అనే మూడు చోట్ల పెద్ద రన్‌వేలు కట్టింది. ఉపగ్రహ ఫొటోలో చూస్తే ఎవరికైనా దీవే అనిపిస్తుంది. చట్టం అడిగేది కట్టకముందు అది ఎలా ఉండేదని.

ఇప్పుడు ఒక వార్త తీసుకుని చదువుదాం. 2017 మే నెలలో అమెరికా యుద్ధనౌక డ్యూయీ మిస్చిఫ్ రీఫ్‌కి 12 మైళ్ళ లోపలికి వెళ్ళింది. అక్కడ 'మనిషి నీళ్ళలో పడ్డాడు' అనే డ్రిల్ చేసింది. నిజంగా ఎవరూ పడలేదు. ఓడలో రోజూ చేసే సాధన లాంటిదే. మామూలుగా చదివితే పేరా దాటేసే విషయం. కానీ ఆ వార్తకి ప్రాణం ఆ డ్రిల్లే.

ఎందుకంటే వేరే దేశపు ప్రాదేశిక జలాల గుండా ఓడలు వెళ్ళొచ్చు గానీ, ఆగకుండా, ఇంకే పనీ పెట్టుకోకుండా దాటిపోవాలి. దీన్ని ఇన్నోసెంట్ పాసేజ్ అంటారు. ఊరి మధ్యలోంచి పెళ్ళి ఊరేగింపు వెళ్ళనిస్తారు కానీ నడివీధిలో పొయ్యి పెట్టి వంట చేస్తామంటే ఊరుకోరు కదా, అలాంటిదే. డ్రిల్ చేయడం అంటే నడివీధిలో పొయ్యి పెట్టడమే. అంటే డ్యూయీ మాటల్లో చెప్పకుండా చేతల్లో చెప్పింది: 'ఇది ఎవరి ఊరూ కాదు, ఇక్కడ 12 మైళ్ళు లేనే లేవు.' మిస్చిఫ్ పోటులో మునిగే దిబ్బ. దాని మీద ఎంత కాంక్రీటు ఉన్నా సరే.

అంతకుముందు 2015 అక్టోబరులో లాసెన్ అనే నౌక సుబి దగ్గరికి వెళ్ళినప్పుడు ఇలా చేయలేదు. ఊరికే దాటిపోయింది. అమెరికా వెనక్కి తగ్గిందని అప్పట్లో చాలామంది విమర్శించారు, నాకూ అలాగే అనిపించింది. తర్వాత పటం ముందేసుకుని చూస్తే అసలు చిక్కు తెలిసింది. సుబి కూడా పోటులో మునిగేదే. అయితే మునిగే దిబ్బ ఒక దీవికో రాయికో 12 మైళ్ళ లోపు ఉంటే, ఆ దీవి కొలతని ఈ దిబ్బ నుంచి మొదలుపెట్టుకోవచ్చని చట్టంలో ఒక మెలిక ఉంది. సుబికి దగ్గర్లో సాండీ కే అనే చిన్న ఇసుక తిప్ప ఉంది, పోటులోనూ పైనే ఉంటుంది. అది ఎవరిదో తేలలేదు. దాని పక్కనే తీటు దీవి, ఫిలిప్పీన్స్ చేతిలో ఉంది. కాబట్టి ప్రశ్నకి రెండో సగం కూడా ఉంది: పోటులో కనిపించనిదైతే, 12 మైళ్ళ లోపు కనిపించేది ఇంకేదైనా ఉందా? మిస్చిఫ్ దగ్గర లేదు. అందుకే అక్కడ డ్రిల్ చేయగలిగారు.

సరే, ఇప్పుడు చేతితో చేసే పని. అట్లాస్ తీయండి, నోట్‌బుక్ నుంచి సన్నటి కాగితం ముక్క చించండి. ఫిలిప్పీన్స్‌లో పలవాన్ అనే పొడుగాటి దీవి కనిపిస్తుంది. దానికి పడమరగా ఉత్తర అక్షాంశం 9°45′, తూర్పు రేఖాంశం 115°52′ దగ్గర పెన్సిల్‌తో చుక్క పెట్టండి. అదే సెకండ్ థామస్ షోల్. ఫిలిప్పీన్స్ అయుంగిన్ అంటుంది, చైనా రెన్ఐ జియావో అంటుంది. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. చుక్క నుంచి నేరుగా తూర్పుకి కొలిచేస్తారు. పలవాన్ ఏటవాలుగా పడుకుని ఉంటుంది, కాబట్టి దగ్గరి ఒడ్డు నేరుగా తూర్పున లేదు, ఆగ్నేయంగా కిందికి ఉంది. కాగితాన్ని చుక్క దగ్గర పట్టుకుని గడియారం ముల్లులా తిప్పండి, ఎక్కడ పొట్టిగా వస్తే అక్కడ గుర్తు పెట్టండి.

ఇప్పుడా కాగితాన్ని పటం పక్క అంచుకి తీసుకెళ్ళండి. కింది అంచుకి కాదు. పక్కనుండే అక్షాంశాల్లో ఒక డిగ్రీ అంటే 60 మైళ్ళు, ఒక నిమిషం అంటే ఒక మైలు. కింద ఉండే రేఖాంశాలు ఉత్తరానికి పోయేకొద్దీ దగ్గరవుతాయి. ఇక్కడ ఆ తేడా చిన్నదే గానీ, జపాన్, చైనాలు కొట్లాడుకునే సెన్‌కాకు దీవుల దగ్గర నూటికి పది దాకా వస్తుంది. మీ కాగితం సుమారు ఒకటీ ముప్పావు డిగ్రీ చూపించాలి. అంటే 105 మైళ్ళు. ఇదే పని చైనా హైనాన్ దీవికి చేస్తే పది డిగ్రీలు దాటిపోతుంది, 600 మైళ్ళకి పైమాట.

ఇప్పుడు మన ప్రశ్న. పోటులో కనిపిస్తుందా? కనిపించదు. 12 మైళ్ళ లోపు ఇంకేదైనా ఉందా? లేదు. మరైతే ఇది ఫిలిప్పీన్స్ ఈఈజెడ్‌లో పోటుకి మునిగే ఒక దిబ్బ, అంతే. 2016 జూలై 12న హేగ్‌లో అయిదుగురు సభ్యుల ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పు కూడా ఇదే చెప్పింది. ఫిలిప్పీన్స్ 2013లో వేసిన కేసు అది. చైనా విచారణకి రాలేదు, తీర్పునీ ఒప్పుకోలేదు.

కాగితం మీద ఇంత తేలిగ్గా తేలిపోయిన చోటే సముద్రం మీద అన్నిటికంటే టెన్షన్. 1995లో మిస్చిఫ్ చైనా చేతిలోకి పోయాక, 1999లో ఫిలిప్పీన్స్ నేవీ తన పాత ఓడ సియెర్రా మాద్రేని కావాలనే సెకండ్ థామస్ మీదికి ఎక్కించి వదిలేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకులు మోయడానికి అమెరికా కట్టించిన వంద మీటర్ల ఓడ అది. ఇప్పుడు తుప్పుతో చిల్లులు పడిపోయింది, అయినా అందులో కొద్దిమంది మెరైన్లు కాపలా ఉంటారు. ఓడ ఉన్నంత మాత్రాన దిబ్బ దీవి అయిపోదు, హోదా అదే. కానీ అది ఇంకా నేవీ రికార్డుల్లో పనిచేస్తున్న ఓడే. దాని మీద దాడి అంటే ఫిలిప్పీన్స్ మీద దాడి. 1951 నాటి రక్షణ ఒప్పందం ప్రకారం అప్పుడు అమెరికా కూడా కదలాల్సి వస్తుంది. 2024 జూన్ 17న ఆ ఓడకి సరుకులు తీసుకెళ్తున్న పడవల్ని చైనా కోస్ట్‌గార్డ్ మనుషులు కత్తులూ గొడ్డళ్ళతో అడ్డుకున్నారు, ఒక ఫిలిప్పీన్స్ నావికుడి బొటనవేలు తెగిపోయింది. తుపాకి మాత్రం పేలలేదు. నెల తర్వాత సరుకుల పడవల విషయంలో రెండు దేశాలూ ఒక తాత్కాలిక ఒప్పందానికి వచ్చాయి.

దీనికి ఉత్తరంగా ఉన్న స్కార్‌బరో షోల్‌కి అదే ప్రశ్న వేస్తే జవాబు మారిపోతుంది. అక్కడ కొన్ని రాళ్ళు పోటులోనూ తల పైకెత్తి ఉంటాయి. కాబట్టి అది రాయి, 12 మైళ్ళు వస్తాయి. అది ఎవరి రాయో ట్రిబ్యునల్ చెప్పలేదు, ఆ అధికారం దానికి లేదు. 2012 నుంచి అక్కడ పట్టు చైనాది. 2024 నవంబరులో చైనా దాని చుట్టూ బేస్‌లైన్లు, అంటే మైళ్ళ కొలత మొదలుపెట్టే గీతలు, గీసి ప్రకటించింది. సెకండ్ థామస్ చుట్టూ అలా గీయడానికి ఆధారమే లేదు. ఇంకో సంగతి, చైనా స్కార్‌బరోని పిలిచే పేరు హువాంగ్‌యాన్ దావో. 'దావో' అంటే దీవి. రెన్ఐ జియావోలో 'జియావో' అంటే దిబ్బ. పేరులోనే హోదా పెంచేశారు చూడండి.

రాయికీ దీవికీ మధ్య గీత ఎక్కడ? ఇక్కడ నాకూ పూర్తి తృప్తి లేదు. స్ప్రాట్లీలు అంటే దక్షిణ చైనా సముద్రంలోని దీవులూ దిబ్బల గుంపు. వాటన్నిటిలోకీ సహజంగా పెద్దది ఇతు అబా, తైవాన్ చేతిలో ఉంది, అర చదరపు కిలోమీటరు కూడా ఉంటుందో లేదో అన్నంత. అక్కడ మంచినీళ్ళ బావులున్నాయి, చెట్లున్నాయి, కూరగాయలు పండుతున్నాయి అని తైవాన్ విలేకరుల్ని తీసుకెళ్ళి మరీ చూపించింది. అయినా ట్రిబ్యునల్ దాన్ని రాయి కిందే కట్టింది. బయటి నుంచి సరుకులొస్తే బతికే సిబ్బంది లెక్కలోకి రారని, జనం స్థిరంగా సొంత వనరులతో బతికిన చరిత్ర కావాలని దాని వాదన. ఈ కొలతతో చూస్తే ప్రపంచంలో చాలా దీవులు రాళ్ళయిపోతాయి, అందుకే మిగతా దేశాలు దీన్ని తమ దాకా తెచ్చుకోవడానికి తొందరపడటం లేదు.

ఇంటిపని. 2011 జూలై 22న మన నౌకాదళపు ఐఎన్ఎస్ ఐరావత్ వియత్నాంలోని న్యా చాంగ్ నుంచి హైఫాంగ్‌కి బయల్దేరింది. వియత్నాం ఒడ్డుకి 45 మైళ్ళ దూరంలో ఉండగా, రేడియోలో ఎవరో తాము చైనా నేవీ అని చెప్పుకుని 'మీరు చైనా జలాల్లోకి వస్తున్నారు' అన్నారు. చుట్టూ ఓడా లేదు, విమానమూ లేదు. ఐరావత్ తన దారిన తను పోయింది. న్యా చాంగ్ పటంలో వెతికి, కాగితం ముక్కతో 45 మైళ్ళు కొలిచి, ఆ చోటు ఏ గీతకి లోపల, ఏ గీతకి బయట ఉందో రాయండి. ఆ రేడియో మాట నిజం కావాలంటే దగ్గర్లో ఎలాంటి దిబ్బ ఉండాలి, పోటులో అది ఎలా కనిపించాలి, అది కూడా రాయండి. వచ్చే పాఠంలో ఓడల రంగులు చూద్దాం: తెల్ల ఓడ ఎదురైతే ఒక కథ, బూడిద రంగు ఓడ ఎదురైతే ఇంకో కథ.