జాన్ కోల్‌మన్ జీవితాన్ని తెలుగులో రాయడం ఎలా?

హైదరాబాదు వారికి ఫుట్‌బాల్ అంటే రహీమ్ సాబ్, అమ్ముగూడ బలరాం పేర్లే ముందుగా మనసులో మెదులుతాయి. అందువల్ల 1950ల నాటి ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ ఆటగాడు కోల్‌మన్ జీవితం రాయదలచినవారు, ఇది ఆ ఆట కాదని మొదటి పేరాలోనే స్పష్టం చేయాలి.

ఆటగాడి పుట్టుక కంటే ముందు స్కోరు వివరించండి. ఒకసారి పరేడ్ గ్రౌండ్స్‌లో నాలుగు నీళ్ల సీసాలు వరుసగా నిలబెట్టి, నడిమి రెండింటి మధ్య నుంచి తన్నిన బంతి పోతే గోల్, అంటే 6 పాయింట్లు, పక్క సందుల్లోంచి పోతే బిహైండ్, అంటే 1 పాయింటు అని చూపించాకే నా మిత్రుడికి లెక్క అర్థమైంది. 1949 ఫైనల్లో కోల్‌మన్ ఆడిన ఎసెండన్ జట్టు చేసిన 18.17 అంటే 18 గోల్స్, 17 బిహైండ్లు, వెరసి 125 పాయింట్లు. ప్రత్యర్థి జట్టు కార్ల్‌టన్‌కు దక్కినవి 52. ఆ ఫైనల్లోనే కోల్‌మన్ ఆ సీజన్‌లో తన నూరో గోల్ కొట్టాడు. అది అతని తొలి సీజన్ అనీ, హాథార్న్‌పై ఆడిన మొదటి మ్యాచ్‌లోనే 12 గోల్స్ చేశాడనీ ఇక్కడే చెబితే, అంకెలకు ప్రాణం వస్తుంది.

‘మార్క్’ అన్న మాటను ‘గుర్తు’ అని అనువదించకండి. మరో ఆటగాడు దూరం నుంచి తన్నిన బంతి నేలను తాకకముందే ఒడిసిపట్టి, అడ్డు లేకుండా తన్నే హక్కు పొందడమే మార్క్. కోల్‌మన్ ప్రత్యర్థుల భుజాలకు పైగా ఎగిరి బంతిని అందుకునేవాడు కనుక, ఈ ఒక్క మాటకు నాలుగు వాక్యాలు వెచ్చించినా నష్టం లేదు.

1951 నాటి వివాదాన్ని జరిగిన క్రమంలోనే రాయండి: కార్ల్‌టన్ ఆటగాడు కొట్టాడు, కోల్‌మన్ తిరిగి కొట్టాడు, ఇద్దరికీ నాలుగేసి మ్యాచ్‌ల నిషేధం పడింది, అతను లేని ఎసెండన్ ఫైనల్లో జీలాంగ్ చేతిలో 11 పాయింట్లతో ఓడింది.

1954లో ఫిట్జ్‌రాయ్‌పై 14 గోల్స్ కొట్టిన మరుసటి మ్యాచ్‌లోనే మోకాలి కీలు తప్పింది. అప్పటికతనికి పాతికేళ్లే. ఈ చోట విశేషణాలు వద్దు. 98 మ్యాచ్‌లు, 537 గోల్స్ అని రాసి ఆగండి. ఆ తరువాత శిక్షకుడిగా ఎసెండన్‌కు 1962, 1965లలో టైటిళ్లు తెచ్చిపెట్టాడనీ, 1973లో 44వ ఏట మరణించాడనీ, ఏటా అత్యధిక గోల్స్ చేసినవారికి ఇచ్చే పతకం అతని పేరు మీదే ఉందనీ క్లుప్తంగా చెబితే చాలు.