డ్రిఫ్ట్ బండికి ఏ డిఫరెన్షియల్? ముందు బండి ఏం చేస్తోందో చూడండి

రాయగడ, జేపూరు, పర్లాకిమిడి వైపు మన కుర్రాళ్లు పాత బీఎండబ్ల్యూ 3 సిరీసో, కాంటెస్సానో, సుమోనో సంపాదించగానే అడిగే మొదటి మాట "అన్నా, ఎల్‌ఎస్‌డీ ఏటి కొనాలి" అని. డ్రిఫ్ట్ అంటే వెనక చక్రాలు జారిస్తూ బండిని అడ్డంగా తిప్పడం. డిఫరెన్షియల్ అంటే ఇంజిన్ బలాన్ని వెనక రెండు చక్రాలకీ పంచే గేర్ల పెట్టె, ఎల్‌ఎస్‌డీ (లిమిటెడ్ స్లిప్) అంటే ఆ రెండు చక్రాలనీ మరీ విడివిడిగా తిరగనివ్వకుండా పట్టుకునే రకం. బండి ఇప్పుడేం చేస్తోందో మాత్రం ఒక్కడూ చెప్పడు. నా లెక్కలో అది తెలియకుండా డబ్బు తియ్యకూడదు, ఎందుకంటే డిఫరెన్షియల్ మీద వేసే నిందల్లో సగం ప్రొపెల్లర్ షాఫ్ట్ కీలైన క్రాస్ జాయింట్‌దో, రేషియోదో అయి ఉంటాయి. ఇంకోటి, ఇదంతా సొంత స్థలంలోనో, పర్మిషన్ ఉన్న గ్రౌండ్‌లోనో చేసేవాళ్లకే. రోడ్డు మీద చేస్తే మోటారు వాహనాల చట్టం 189 సెక్షన్ ఉంది, మొదటిసారికే 3 నెలల దాకా జైలు లేదా 5,000 దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు.

ముందు చిన్న టెస్ట్. ముందు చక్రాలకి రాళ్లు పెట్టి, వెనక రెండు చక్రాలూ జాకీ స్టాండ్ల మీద లేపి, న్యూట్రల్‌లో హ్యాండ్ బ్రేక్ తీసేసి ఒక చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండోది ఎదురు తిరిగితే ఓపెన్ డిఫరెన్షియల్ (లాక్ ఏదీ లేని మామూలుది), లేదా ప్లేట్లు అరిగిపోయిన ఎల్‌ఎస్‌డీ. అదే వైపు తిరిగితే లాక్ అయినట్టు. హెలికల్ రకం (ప్లేట్లు లేకుండా గేర్లతోనే పట్టుకునే ఎల్‌ఎస్‌డీ) బాగున్నా ఎదురు తిరగొచ్చు, దాన్ని ఈ టెస్ట్‌తో తేల్చలేం.

లోపలి చక్రం ఒక్కటే పొగ కక్కుతోంది, బండి మాత్రం అడ్డం తిరగట్లేదు

ఓపెన్ డిఫరెన్షియల్. ఇది రెండు చక్రాలకీ సమానంగానే టార్క్ ఇస్తుంది, గొడవంతా అక్కడే. మలుపులో బరువు బయటి వైపు పోతుంది, లోపలి చక్రం తేలికై ఊరికే తిరుగుతుంది, దానికి ఎంత తక్కువ చాలుతుందో బయటి దానికీ అంతే అందుతుంది. ఎం3 కాని మామూలు 3 సిరీస్‌లో చాలావరకు, అంబాసిడర్, ఓమ్నీ కంపెనీ నుంచి ఓపెన్‌తోనే వచ్చాయి.

దీనికి రెండే దారులు, స్పైడర్ గేర్లు (డిఫరెన్షియల్ మధ్యలో ఉండే చిన్న గేర్లు) వెల్డింగ్ చేయించడం లేదా 2-వే (యాక్సిలరేటర్ నొక్కినా వదిలినా లాక్ అయ్యే), ప్లేట్ల రాపిడితో పట్టుకునే క్లచ్ టైప్ ఎల్‌ఎస్‌డీ వేయడం. హెలికల్ వద్దు, ఒక చక్రం గాల్లోకి లేచిందంటే అదీ ఓపెన్ లాగే అయిపోతుంది. థార్‌లో వచ్చే మెకానికల్ లాకర్ సంగతీ అడుగుతుంటారు. అది చక్రాల మధ్య తేడా నిమిషానికి 100 చుట్లకి అటూ ఇటూ అయితే లాక్ అవుతుంది, గంటకి 30 కిలోమీటర్లు దాటాక అసలు పట్టుకోదు. బురదలోంచి బయటపడడానికి చేసిన సామాను అది, మనకి పనికిరాదు.

వెల్డింగ్ చేయిస్తే పక్కనే నిలబడి చేయించండి, హౌసింగ్‌లో ఉండగానే రెండు చుక్కలు పెట్టి ఇచ్చేసేవాళ్లున్నారు, అది మొదటి రోజే విరుగుతుంది. క్యారియర్ (ఆ గేర్లుండే గూడు) మొత్తం బయటికి తీసి, బేరింగులు ఊడదీసి, కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టాలి, పళ్ల సందుల్లో ఆయిల్ మిగిలితే వెల్డింగ్‌లో బొక్కలు పడతాయి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో మాత్రం కడగొద్దు, ఆర్క్ వేడికి దాన్నుంచి విషవాయువు పుడుతుంది. తర్వాత ముందుగా వేడి చేసి, పొడిగా ఉన్న 7018 వెల్డింగ్ రాడ్‌తో స్పైడర్ గేర్లనీ సైడ్ గేర్లనీ లోతుగా కలిపి, అయిపోయాక పొడి బూడిదలో కప్పి మెల్లగా చల్లారనివ్వాలి. నీళ్లు పోశాడా, పగులు ఖాయం. క్రౌన్ వీల్ (డిఫరెన్షియల్‌ని తిప్పే పెద్ద గేరు) జోలికి వేడి పోకూడదు.

వెల్డింగ్ తర్వాత మెల్లగా తిప్పినా టైర్లు కీచుమంటున్నాయి, ముందు భాగం నేరుగా పోతోంది

ఇది జబ్బు కాదు, దాని గుణమే అంత. రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగాలి కాబట్టి మలుపులో ఏదో ఒకటి ఈడ్చుకుపోక తప్పదు. గ్రౌండ్‌లో పర్లేదు, కానీ అదే బండి వేసుకుని వానాకాలంలో సాలూరు - సుంకి ఘాట్ దిగుదామనుకోవద్దు, హెయిర్‌పిన్‌లో ముందు లోయ వైపు నెడుతుంది, భయపడి యాక్సిలరేటర్ వదిలితే వెనక జారుతుంది. బండిని వేరే వాహనం మీద ఎక్కించి తెచ్చుకునేవాళ్లకే వెల్డింగ్. అదే బండిలో ఇంటికెళ్లేవాళ్లు 2-వేకి డబ్బు కూడబెట్టుకోండి.

యాక్సిల్ షాఫ్ట్ విరిగింది

మొరం గ్రౌండ్‌లో నెలల తరబడి ఏం కాని బండి ఎండిన కాంక్రీట్ యార్డ్‌లో ఒక్క రోజులో షాఫ్ట్ విరగ్గొట్టుకుంటుంది. మొరం మీద చక్రం జారిపోయి భారం తప్పించుకుంటుంది, కాంక్రీట్ పట్టుకుంటే ఆ దెబ్బంతా షాఫ్ట్ మీదే. విరగకముందే తీసి స్ప్లైన్లు (షాఫ్ట్ చివర పళ్ల గీతలు) చూడండి, నిటారుగా ఉండాల్సిన గీతలు జడలా మెలి తిరిగుంటే రెండు షాఫ్టులూ మార్చాల్సిందే. సెమీ ఫ్లోటింగ్ యాక్సిల్ (చక్రం మీది బరువునీ షాఫ్టే మోసే రకం) ఉన్న బండ్లలో కొన్నిటికి షాఫ్ట్ విరిగితే చక్రమే బయటికొచ్చేస్తుంది, ఇక్కడ పీనాసితనం వద్దు. కాంక్రీట్ మీద నేర్చుకునే రోజుల్లో నీళ్లు కొట్టుకుని చేయండి.

పవర్ మీద బాగానే ఉంది, యాక్సిలరేటర్ వదిలితే వెనక లాక్ వదిలి బండి తిన్నగా అయిపోతోంది

1-వే అయి ఉంటుంది, లేదా 1.5-వే. 1-వే పవర్ ఇచ్చినప్పుడే లాక్ అవుతుంది, 1.5 వదిలినప్పుడు కూడా పట్టుకుంటుంది గానీ తక్కువ. డ్రిఫ్ట్‌కి ఎంట్రీలోనూ, ఒక వైపు నుంచి ఇంకో వైపు మార్చేటప్పుడూ వదిలినా లాక్ ఉండాలి, అందుకే 2-వే.

సెకండ్ హ్యాండ్ ఎల్‌ఎస్‌డీ, వేడెక్కాక ఓపెన్ లాగా అయిపోతోంది

క్లచ్ ప్లేట్లు అరిగాయి, లేదా అది విస్కస్ రకం (చిక్కటి ద్రవంతో పట్టుకునేది). మొదటిదైతే ప్లేట్లు, సందు సర్దే షిమ్‌లు మార్పించుకోవచ్చు. విస్కస్ అయితే బాగు చేయించుకునే గొడవ పెట్టుకోకుండా వేరేది చూసుకోండి. కొనేముందే ఒక చక్రం నేల మీద, ఒకటి గాల్లో ఉంచి, న్యూట్రల్‌లో గాల్లో ఉన్నదాన్ని టార్క్ రెంచ్‌తో తిప్పి ఎంతకి కదిలిందో మాన్యువల్‌తో పోల్చండి.

మలుపులో కటకట, గడగడ

క్లచ్ టైప్‌లో మామూలు గేర్ ఆయిల్ పోశారేమో. ఎల్‌ఎస్‌డీకి పనికొచ్చే జీఎల్-5 ఆయిల్ పోసి, ఖాళీ స్థలంలో మెల్లగా ఎనిమిది అంకెలా తిప్పితే ప్లేట్ల మధ్యకి చేరుతుంది. ఫ్రిక్షన్ మాడిఫైయర్ (ప్లేట్ల రాపిడి తగ్గించే రసాయనం) కొంచెం కొంచెంగా కలపండి, ఎక్కువైతే లాకే తగ్గిపోతుంది.

పవర్ ఇచ్చి వదిలినప్పుడల్లా ఒక్క దెబ్బ "ఠక్" అంటే ముందు క్రాస్ జాయింట్, మౌంటు రబ్బర్లు చూడండి. అవి బాగుంటే ఆయిల్ దింపి, డ్రెయిన్ బోల్టుకి అయస్కాంతం ఉంటే దాన్ని వేలితో తుడవండి. బూడిదరంగు మెత్తని గుజ్జు మామూలే, గోటికి గుచ్చుకునే ముక్కలు వస్తే పన్ను విరిగినట్టే, ఇంక నడపొద్దు.

లాక్ బాగానే ఉంది, కానీ సెకండ్‌లో లిమిటర్ (ఇంజిన్ వేగం హద్దు) కొడుతోంది, థర్డ్ వేస్తే చచ్చిపోతోంది

ఇది లాకింగ్ గొడవ కాదు, ఫైనల్ రేషియోది (ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందో ఆ లెక్క). సెకండ్ గేర్ 2.0, టైర్ 205/55 ఆర్16 అనుకోండి, దాని చుట్టుకొలత దాదాపు 1.98 మీటర్లు. 6,500 ఆర్‌పీఎమ్ దగ్గర 4.1 ఫైనల్‌తో చక్రం వేగం గంటకి 94 కిలోమీటర్ల దాకా, 3.7 అయితే 104 దాకా వస్తుంది. సెకండ్‌లోనే తిరిగేది ఉంటే 3.7 లాంటిది కొంచెం ఊపిరినిస్తుంది, థర్డ్‌లో లాగాలంటే 4.1 కంటే పెద్ద అంకె కావాలి. తక్కువ పవర్ బండికి నేను పెద్ద అంకె వైపే మొగ్గుతాను, గ్రౌండ్ చిన్నదైతే మరీనూ. మార్చేటప్పుడు క్రౌన్, దాన్ని తిప్పే పినియన్ గేరు జతగానే కొనండి. పాత సామాన్ల షాపులో విడివిడిగా ఇస్తే రెండిటి మీదా చెక్కిన జత నంబర్ ఒకటేనా కాదా చూసి, కలవకపోతే అక్కడే వదిలేసి రండి.