ఉద్యోగం మానేసి సొంతంగా గీసుకోవాలా? ముందు నొప్పి ఎక్కడో చూసుకోండి

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక మేడమీది గదిలో పన్నెండేళ్లుగా శుభలేఖలు, పుస్తకాల ముఖచిత్రాలు, దుకాణాలకు లోగోలు గీస్తున్నాను. నెలకు ఒకరైనా మెట్లెక్కి వచ్చి, "ఉద్యోగం మానేద్దామనుకుంటున్నానండీ, నాలో అంత కళ ఉందంటారా?" అని అడుగుతారు. కళ సంగతి నేను తేల్చలేను. తేల్చినా ఈ నిర్ణయానికి అది పెద్దగా అక్కరకు రాదు. నేను అడిగేది ఒకటే: నొప్పి ఎక్కడ?

లక్షణం: ఆదివారం సాయంత్రం నుంచే గుండె బరువెక్కుతోంది

కారణం చాలాసార్లు ఉద్యోగం కాదు, ఒక మనిషి. మీ పై అధికారికి రేపే బదిలీ అయిందనుకోండి. అప్పుడూ రాజీనామా ఇస్తారా? జవాబుకు తడుముకుంటే వేరే ఉద్యోగం వెతుక్కోండి. ఈ జబ్బుకు సొంత పని మందు కాదు.

లక్షణం: నా ఇష్టప్రకారం గీయనివ్వడం లేదు

కారణం: బయట పై అధికారి ఉండడన్న నమ్మకం. ఉంటాడు, పెళ్లికి పదిమంది చొప్పున ఉంటారు. మొన్నటి శుభలేఖ సంగతి చెబుతాను. వినాయకుడి తొండం ఎడమకు తిరగాలని పెళ్లికూతురి తాతగారు, అసలు నాలుగు గీతల వినాయకుడే ముద్దుగా ఉన్నాడని పెళ్లికూతురు, ఆహ్వానించువారిలో తన పేరు చిన్న అక్షరాల్లో పడిందని మేనమామ. పదకొండో సవరణ దగ్గర అందరూ కలిసి మొదటి బొమ్మే బాగుందన్నారు.

పరిష్కారం: ఉద్యోగంలో ఉండగానే మూడు నెలల పాటు సాయంత్రాలు, ముఖపరిచయం లేనివారికి డబ్బు తీసుకుని గీయండి. బయటి పని కూడదని నియామక పత్రంలో ఉందేమో ముందు చూసుకోండి. రెండు సవరణలు ఉచితం, మూడోదాని నుంచి ఇంత అని రాసివ్వండి. మూడోసారి మార్చమన్నప్పుడు కోపం వచ్చి పోతే ఫరవాలేదు. వారం దాకా ఆ బొమ్మ వైపు చూడబుద్ధి కాకపోతే ఆలోచించాల్సిందే. ఈ బొమ్మలకు మరో ఉపయోగమూ ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా గీసినవాటి హక్కు యజమానిది. బయటకు వచ్చిన రోజున ధైర్యంగా చూపించుకోగల నమూనాలు ఈ సాయంత్రాలవే.

లక్షణం: పని ఉంది, డబ్బు లేదు

దీన్ని అందరూ దురదృష్టమంటారు, ఊరు చిన్నదంటారు. అసలు కారణం నోరు పెగలకపోవడం. నాకూ పెగలలేదు. మొదటి ఏడాది గుంటూరులో కారం మిల్లు నడిపే ఒక పరిచయస్తుడికి ప్యాకెట్ లేబుల్ గీసిచ్చాను. మనవాడే కదా అని ధర చెప్పలేదు. ఆయనా మనవాడే కదా అనుకుని రెండు కిలోల కారం పంపాడు. ఆరు నెలలు మా కూరలు ఘాటుగా, బ్యాంకు ఖాతా చప్పగా ఉన్నాయి.

ధర చెప్పడం సగం పనే. "ఎనిమిది వేలండీ" అన్నాక ఒక నిశ్శబ్దం వస్తుంది. అవతలి మనిషి ఇంకా బేరం మొదలుపెట్టనేలేదు, ఈలోగా "మీరు కాబట్టి ఆరు చేస్తాను" అని మనమే అనేస్తాం. ఆ నిశ్శబ్దాన్ని భరించగలరా? సొంత పని మీకు సరిపడుతుందో లేదో నేను ముందుగా చూసేది ఇదే.

పరిష్కారం: సగం సొమ్ము ముందు. మిగతాది చేతికొచ్చేదాకా అడ్డంగా మీ పేరున్న చిన్న సైజు నమూనా మాత్రమే పంపండి. చిన్న సంస్థల నమోదుకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోండి, అది ఉచితం. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం కింద, అలా నమోదైన చిన్న సంస్థకు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. పదివేల బిల్లు కోసం ఎవరూ ఆ చట్టం గడప తొక్కరు. కానీ ఆ వాక్యాన్ని బిల్లు అడుగున అచ్చువేశాక నా ఫోను ఎత్తేవాళ్లు పెరిగారు.

అయినా బాకీ గుర్తుచేయడానికి చేయి రాకపోతే మరొకరికి అప్పగించండి. నా వసూళ్లు మా అక్క చూస్తుంది. ఆమె గొంతులో మొహమాటం లేదు. అలాంటి అక్క దొరకనివారికి జీతమే నయం.

లక్షణం: ఆషాఢంలో నిద్ర పట్టదు

కారణం: ఒకటో తారీఖుకు అలవాటుపడిన ఇల్లు, ముహూర్తాలను నమ్ముకున్న సంపాదన. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, మూఢం వస్తే లేవు. 2023లో ఆషాఢం వెనకే అధిక శ్రావణం వచ్చింది. దాదాపు రెండు నెలలు వరుసగా శుభలేఖ అన్న మాట వినపడలేదు.

పరిష్కారం: ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టకుండా రాజీనామా రాయకండి. వచ్చిందంతా ఒక ఖాతాలో వేసి, అందులోంచి నెలనెలా మీకు మీరే జీతం ఇచ్చుకోండి. పెళ్లిళ్లతో సంబంధం లేని పని ఇంకొకటి పట్టుకోండి. నన్ను ఆదుకునేవి పుస్తకాలు. జనవరిలో జరిగే పుస్తక మహోత్సవానికి కొత్త పుస్తకాలు దించాలని ప్రచురణకర్తలు కార్తీకంలోనే ముఖచిత్రాలకు తొందరపెడతారు.

లక్షణం: పన్నులంటే భయం

ఇది చిన్న నొప్పి. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా ఆంధ్రప్రదేశ్‌లో సాధారణంగా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. కంపెనీలు మీ బిల్లులోంచి టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) కింద కోసుకున్నది, మీ పన్ను కంటే ఎక్కువైతే, రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. బిల్లులు దాచండి, ఏడాదికొకసారి ఆడిటరు దగ్గరకు వెళ్లండి.

లక్షణం: ఉద్యోగం బాగానే ఉంది, కానీ రాత్రి కాసేపు గీయకపోతే తోచదు

ఇలాంటివారు కూడా వస్తారు. నలుగురూ మానేయమంటున్నారని వస్తారు. మందు అవసరం లేదు, ఇంటికి వెళ్లి గీసుకోండి అని పంపించేస్తాను. పోయిన ఏడాది ఎవరి కోసమూ కాక నా కోసం నేను గీసుకున్నవి లెక్కపెట్టాను. నాలుగు.